కొట్టేసిన పదకొండు పేరాలు

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనుషులుంటారని వినడమే గానీ చూడలేదనేవాళ్ళు, ఆ ప్రెస్సుకి వెళ్ళి ప్రూఫ్ రీడర్ని ఒకసారి చూసొస్తే సరిపోయేది. ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా వినిపించేది కాదు. ఎదురుపడితే అందరూ 'గురువుగారూ' అనేవాళ్ళు. ఆయన మెట్లెక్కి తన బల్ల దగ్గరికి వెళ్ళగానే 'భూతద్దం' అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆ పేరు ఎవరు మొదలుపెట్టారన్న విషయంలో మాత్రం ముగ్గురి మీద అనుమానం ఉండేది.

ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, నాలుగోసారి లాగడానికి వెనక్కి వచ్చేవాడు. "అంత నమ్మకం లేనప్పుడు తాళం ఎందుకు, మీరే ఆ గుమ్మానికి వేలాడకపోయారా" అనేది భార్య. ఆవిడ అలా ఎందుకు అందో కూడా ఆయన దారంతా ఆలోచించేవాడు.

ఆయన్ని ఊరికే ఆడిపోసుకోవడం నాకిష్టం లేదు. ఆ అనుమానమే ప్రెస్సుకి అన్నం పెట్టింది. ఒకసారి దగ్గు మందు కరపత్రంలో 'చెంచా' ఉండాల్సిన చోట 'గ్లాసు' అని పడితే, మిషన్ తిరుగుతుండగా మెట్లు దూకి వచ్చి ఆపించింది ఆయనే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన సంతకం పెట్టిన ఫారంలో, అంటే ఒకేసారి అచ్చయ్యే పదహారు పేజీల షీటులో, తప్పు దొరికిందని ఎవరూ అనలేదు. వేరే ప్రెస్సుల్లో ప్రూఫులు ఇద్దరు కూర్చుని దిద్దుతారు. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే రెండోవాళ్ళు ప్రూఫులో చూసుకుంటూ పోతారు. ఈయన మాత్రం ఒక్కడే చూసేవాడు. చదివేవాడు బద్ధకించి మధ్యలో ఓ లైను మింగేస్తే ఎవరికి తెలుస్తుందని ఆయన ప్రశ్న.

ఆయన బల్ల మేడ మీద కిటికీ పక్కన ఉండేది. కింద మిషన్ గది, దాని వెనక జిగురు వాసన కొట్టే బైండింగ్ గది. బల్ల ఎదురుగా అద్దాల తలుపు. దాని అవతల, రాతప్రతులు టైపు చేసే రెండు కంప్యూటర్లున్న డీటీపీ గది. ఆ రెంటిలో ఒకదాని ముందు కూర్చునేది ఆయన అక్క కూతురే. రెండేళ్ళ కిందట తనే తీసుకొచ్చి, "పూచీ నాది" అని ఓనరుకి మాటిచ్చి చేర్పించాడు.

మాటిచ్చిన రోజు నుంచే బెంగ పట్టుకుంది. పరాయివాళ్ళు కొట్టిన పేజీ రెండుసార్లు చూసేవాడు, మేనకోడలి పేజీ మూడుసార్లు చూసేవాడు. ఆ పిల్ల పనిమంతురాలు. రెండేళ్ళలో ఒక్క లైను రెండుసార్లు పడిందీ లేదు, ఒక్క లైను జారిపోయిందీ లేదు. ఇంకొకరైతే సంతోషించేవాళ్ళు. ఈయనకి మాత్రం, తప్పు దొరకడం లేదంటే ఎక్కడో దాస్తోందేమోనని అనిపించేది. అటువంటి మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

అదే సమయంలో ఒక వృద్ధ పాస్టరు గారు పుస్తకం అచ్చుకిచ్చారు. హెబ్రీ లేఖనాల్లోని పన్నెండు గోత్రాల పెద్దల గురించి, చదువుకునే పిల్లలకి అర్థమయ్యేలా రాసిన పుస్తకం. ప్రధానులంటే ఎవరు, ఎడారిలో జనాభా లెక్కలప్పుడు వాళ్ళెందుకు నిలబడ్డారు, డేరాలు వేసేటప్పుడు ఏ గోత్రం ఏ దిక్కున ఉండేది, ఇవన్నీ. ప్రూఫ్ రీడర్ ఆ చరిత్రని తనదైన కంటితో చదివాడు. కొత్త దేశాన్ని చూసి రమ్మని గోత్రానికొక పెద్దని పంపితే, పన్నెండుగురిలో పదిమంది వచ్చి, అక్కడ మనుషులు భీకరంగా ఉన్నారు, వెళ్తే చచ్చామే అని చెప్పారట. జనం బెదిరిపోయి నలభై ఏళ్ళు ఎడారిలోనే తిరిగారట. పాస్టరు గారు ఆ పదిమందినీ తప్పుపట్టారు. ఈయనకి మాత్రం వాళ్ళే నచ్చారు. జాగ్రత్తపరులు, అనుకున్నాడు.

రోజుకి పదహారు పేజీలు పూర్తిచేస్తే డీటీపీ వాళ్ళు ఇంటికి వెళ్ళిపోవచ్చని ఓనరు పెట్టిన ఏర్పాటు ఒకటుంది. ఈ పుస్తకం మొదలైనప్పటి నుంచి మేనకోడలు గడియారం నాలుగు కొట్టగానే సంచీ భుజాన వేసుకుని లేచిపోతోంది. ఒకరోజు ఆయన కిటికీలోంచి చూశాడు. ఇంటికి పోవాలంటే ఎడమకి తిరగాలి. ఆ పిల్ల కుడికి తిరిగింది. మర్నాడూ కుడికే. మూడోనాడు టీ తాగే వంక పెట్టుకుని వెనకాలే వెళ్ళాడు. వీధి చివర, పాస్టరు గారుండే నీలం తలుపుల ఇంట్లోకి వెళ్ళింది. అక్కడి దాకా వెళ్ళినవాడు తలుపు కొట్టి ఎందుకొచ్చావమ్మా అని అడగొచ్చు కదా? అడగలేదు. అడిగితే తీరిపోయేది అనుమానం. అది తీరిపోవడం ఆయనకే ఇష్టం లేదేమోనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

గురువారం పొద్దున మూడో ఫారం ప్రూఫు బల్ల మీదికొచ్చింది. రాతప్రతిలో ఒకచోట ఒకే లైనుంది: "ఇక్కడ లేఖనం ఏడో అధ్యాయం వేయాలి." ప్రూఫులో ఆ లైనుకి బదులు పేజీల మీద పేజీలున్నాయి. మందిరాన్ని ప్రతిష్ఠించినప్పుడు గోత్రాల ప్రధానులు తెచ్చిన కానుకల వివరం అది. మొదటి రోజు నయస్సోను అనే ఆయన తెచ్చాడు. వెండి పళ్ళెం ఒకటి, వెండి గిన్నె ఒకటి, ధూపం నింపిన బంగారు గరిటె ఒకటి, ఇన్ని ఎద్దులు, ఇన్ని పొట్టేళ్ళు, ఇన్ని మేకపోతులు, ఇన్ని గొర్రెపిల్లలు. రెండో రోజు నెతనేలు తెచ్చాడు. అదే పళ్ళెం, అదే గిన్నె, అదే గరిటె. మూడో రోజు ఏలీయాబు. బరువులో గురిగింజంత తేడా లేదు.

ఎర్ర పెన్ను మూత ఊడదీశాడు. మిగతా పేజీలు చదవలేదు, గబగబా తిప్పాడు. ఎక్కడ చూసినా పళ్ళెం, గిన్నె, గరిటె. మొత్తం పన్నెండు.

'దొరికింది' అనుకున్నాడు. ఏ గ్రంథంలోనైనా ఒకే పేరా పన్నెండుసార్లు రాసే పిచ్చివాడుంటాడా? పేరు మార్చి కింద కింద అతికించుకుంటూ పోయింది. పదహారు పేజీలూ చిటికెలో నిండాయి, నాలుగింటికి సంచీ భుజాన పడింది. రోజూ పోయి ముసలాయన్ని మాటల్లో పెట్టి, ఈ సంగతి ఆయన కంట పడకుండా చూసుకుంటోంది. ఎంత పకడ్బందీగా అల్లుకున్నాడో చూడండి. పదకొండు పేరాలూ అడ్డంగా కొట్టేసి, పక్కన తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "మిగిలిన పదకొండుగురూ ఇలాగే తెచ్చారు."

అక్కడితో ఆగినా బాగుండేది. మిషన్ మేన్ దగ్గరికి దిగాడు. "నీకొక్కడికే చెబుతున్నా, ఎవరితోనూ అనకు. మా అక్క కూతురు పేజీలు నింపడానికి ఒకే పేరా పన్నెండుసార్లు అతికించింది. నాలుగింటికి పారిపోవడానికే ఇదంతా." తర్వాత బైండింగ్ ఆవిడకి ఒక్కదానికే చెప్పాడు. కటింగ్ మిషన్ అతనికి ఒక్కడికే చెప్పాడు. అచ్చు ప్లేట్లు చేసే అతనికీ, రెండో కంప్యూటరు ఆపరేటరుకీ, గేటు దగ్గర ముసలి కాపలాదారుకీ, అలా మొత్తం తొమ్మిది మందికి, ఒక్కొక్కరికే చెప్పాడు. ఓనరుకి ఆయన చెప్పనక్కర్లేకపోయింది. సాయంత్రానికి ఆ వార్తే నడుచుకుంటూ వెళ్ళింది.

ఎందుకిలా చేశాడని అడిగితే ఆయన దగ్గర సమాధానం ఉంది. పూచీ పడ్డవాడు తను. రేపు ఎవరైనా పట్టుకుంటే మేనమామా మేనకోడలూ కుమ్మక్కయ్యారంటారు. ముందుగా తనే బయటపెడితే తన పేరు నిలుస్తుంది. ఆ పిల్ల పేరు సంగతి అప్పుడు ఆయనకి తట్టలేదు.

శుక్రవారం పొద్దున ఓనరు ఆ అమ్మాయిని మెట్ల దగ్గరే ఆపాడు. "ఒకటే పేరా పన్నెండుసార్లు పెట్టావంట?"

"అది అలాగే ఉంటుందండీ, లేఖనంలో."

ఓనరు ప్రూఫ్ రీడర్ వైపు తిరిగాడు. "ఏమంటారు?"

"నేను చాలా పుస్తకాలు చూశానండీ. అలా ఎక్కడా ఉండదు."

"మావయ్యా, పాస్టరు గారిచ్చిన పుస్తకం నా బల్ల మీదే ఉంది. ఒక్కసారి తెరిచి చూడు."

అద్దాల తలుపు అవతల, కంప్యూటరు పక్కన ఆ నల్ల అట్ట పుస్తకం కనిపిస్తూనే ఉంది. పది అడుగులు. ఆయన కదల్లేదు. "ఆయనకి చూపు ఆనదు. ఆయన్నీ ఏదో నమ్మించి ఉంటావు. రోజూ ఆ ఇంటికి వెళ్ళడం నేను చూళ్ళేదనుకున్నావా?"

ఆ అమ్మాయి కాసేపు మేనమామ మొహంలోకి చూసింది. ఆయన చేతిలో ప్రూఫు చూసుకుంటున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ మాటా, రెండేళ్ళ మాటా ఎదురెదురుగా నిలబడితే ఓనరు ఎటు మొగ్గుతాడు? "విచారించాక కబురు చేస్తాం, అప్పటిదాకా ఇంటి దగ్గరుండమ్మా" అన్నాడు. అలాంటి కబుర్లు రావని అందరికీ తెలుసు. ఆ అమ్మాయి ఏడవలేదు, గొడవపడలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఎడమకే తిరిగింది. ఏడవలేదంటే ముందే సిద్ధపడి ఉంటుందని ఈయన దానికీ ఒక అర్థం తీశాడు.

రెండో ఆపరేటరు దిద్దుబాట్లు చేశాడు. శనివారం ఫారం అచ్చయిపోయింది, ఐదు వందల కాపీలు.

మంగళవారం మధ్యాహ్నం పాస్టరు గారు కర్ర తాటించుకుంటూ ప్రెస్సు మెట్లెక్కి వచ్చారు. ఆయాసపడుతూ ప్రూఫ్ రీడర్ బల్ల ముందు కూర్చున్నారు.

"మీ అమ్మాయి మూడు రోజులుగా రావడం లేదు. ఒంట్లో బాగాలేదా?"

"ఎందుకు రావాలండీ మీ ఇంటికి?"

"ప్రూఫు చదివి వినిపించడానికి బాబూ. నా కళ్ళు పనిచెయ్యవు గదా. రోజూ నాలుగింటికి వచ్చి, ఆ రోజు కొట్టింది మొత్తం చదివేది. బుధవారం ఏడో అధ్యాయం చదివింది. మంచి అనుమానం ఒకటి పట్టింది ఆ పిల్ల."

ప్రూఫ్ రీడర్ చెవులు రిక్కించాడు. "ఏమనుమానం?"

"పన్నెండు పేరాలూ వేళ్ళు నొప్పెట్టేలా కొడుతుంటే కనిపించిందట. నెతనేలు దగ్గర్నుంచి చివరి అహీర దాకా అందరికీ ప్రధాని అన్న మాట ఉంది, మొదటి నయస్సోనుకి మాత్రం లేదు. తనే పొరపాటున వదిలేసిందేమోనని పరుగెత్తుకొచ్చింది. లేదమ్మా, మూలంలోనే లేదు అన్నాను. అందరికన్నా ముందు వెళ్ళినవాడు, గర్వం తలకెక్కకూడదని పదవి పేరు తీసేశారని పెద్దలు చెబుతారు. నేను ఇన్నేళ్ళు చదివి, ఆ మాట ఎవరో చెబితే గానీ పట్టుకోలేకపోయాను. సరే గానీ, అచ్చయిన కాగితాలేవీ? ఆ ఫారం చదివి వినిపించండి."

ఇక తప్పలేదు. ప్రూఫ్ రీడర్ చదివాడు. నయస్సోను కానుక చదివాడు. తర్వాత, తను రాసిన లైను చదివాడు.

పాస్టరు గారు చెయ్యి పైకెత్తారు. "ఆగండి. నా పదకొండుమంది ఏరీ?"

ప్రూఫ్ రీడర్ కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"పన్నెండు గోత్రాలూ ఒకటే పరిమాణం కాదు బాబూ. యూదా డెబ్బై నాలుగు వేల పైచిలుకు, మనష్షే ముప్ఫై రెండు వేలు. అయినా అందరి పళ్ళేనికీ ఒకటే తూకం. రోజుకి ఒక్కడు. ఆఖరివాడు పన్నెండో రోజు దాకా ఆగాడు. తీరా వాడి వంతు వచ్చాక 'ఇలాగే' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వాడేం తెచ్చాడో, వాడి వాళ్ళకి ఏం తెలుస్తుంది? అందుకే ఎవరి పేరున వాళ్ళది మొత్తం రాశారు, మళ్ళీ మొదటి నుంచి. నేను పిల్లలకి చెప్పాలనుకున్నది ఇదొక్కటే. పుస్తకమంతా దీని కోసమే."

ప్రూఫ్ రీడర్ లేచి ఆ పది అడుగులూ నడిచాడు. నల్ల అట్ట పుస్తకం తెరిచాడు. ఏడో అధ్యాయంలో ఆ పిల్ల పెట్టిన చీటీ ఉంది. కొట్టేసిన ప్రూఫు పక్కన పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కొక్క మాటా చూశాడు. గంట పట్టింది. పన్నెండు పేరాల్లో పుస్తకానికీ ప్రూఫుకీ ఒక్క మాట తేడా లేదు. మొదటిదాంట్లో ప్రధాని లేడు, మిగతా పదకొండింట్లో ఉన్నాడు. మొదటిదాన్నే అతికించి ఉంటే పన్నెండింట్లోనూ లేకుండా పోవాలి. అంటే ప్రతిదీ చేత్తో కొట్టింది. భూతద్దమని పేరున్న మనిషి మూడో పేరా దాటి చదవనేలేదు. ఆయనకి సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి కళ్ళద్దాలు తీసి, బల్ల మీద పెట్టి, ఊరికే కూర్చున్నాడు.

ఓనరుతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఓనరు తల పట్టుకున్నాడు, చెడామడా తిట్టాడు, ఫారం మళ్ళీ వేయమన్నాడు. చివరికి, "అమ్మాయిని రమ్మనండి. తొమ్మిది నోళ్ళలో నానింది మాత్రం మీరే కడుక్కోండి" అన్నాడు.

కాలు జారితే లేవొచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. మర్నాడు పొద్దున ఈయన తీసుకోవడానికి బయల్దేరాడు. మిషన్ మేన్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "మా అక్క కూతురు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ పన్నెండు పేరాలూ గ్రంథంలోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ తను చేత్తో కొట్టింది. నేను పుస్తకం తెరిచి చూడకుండా నీతో అబద్ధం చెప్పాను." మిషన్ మేన్ చేతికంటిన ఇంకు గుడ్డతో తుడుచుకుంటూ నవ్వాడు. "సరేలెండి గురువుగారూ. ఇంటి పిల్ల. అలా అనకపోతే అక్కగారు ఊరుకుంటారా?"

"నిజమే చెబుతున్నానయ్యా."

"నిజమేనంటున్నానుగా."

బైండింగ్ ఆవిడ మడుస్తున్న కాగితం మడుస్తూనే వింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఎవరికైనా అంతేనండీ" అంది. కటింగ్ మిషన్ అతను కన్ను గీటాడు. రెండో ఆపరేటరు, ఓనరు మీమీద ఒత్తిడి తెచ్చారా అని గుసగుసగా అడిగాడు. మొదట ఒక్క మాటకే నమ్మేసిన మనుషులు ఇప్పుడు పుస్తకం తెచ్చి చూపిస్తానన్నా చూడనక్కర్లేదన్నారు. "మాకెందుకండీ, మీరు చెబితే చాలదా" అన్నారు, చాలలేదని మొహాలే చెబుతుండగా. తన చూపే తొమ్మిది మొహాల్లోంచి తనని చూసింది.

బుధవారం సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క తలుపు తీసి, తమ్ముణ్ణి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మేనకోడలు వరండాలో బట్టలు మడతపెడుతోంది. లేవలేదు.

"ఓనరు గారు రమ్మన్నారమ్మా. తప్పు నాదే. అందరికీ చెప్పాను."

"ఏం చెప్పావు?"

"అదే... నీ తప్పేం లేదని."

"అలా కాదు మావయ్యా. ముందు ఏం చెప్పావో, తర్వాత ఏం చెప్పావో, మొత్తం చెప్పు."

చెప్పాడు. నాలుగింటికి పారిపోవడానికే అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఆ పిల్ల ఎదురుచూసింది. ఆ మాట కూడా చెప్పాడు.

"నాకూ అనుమానమే వచ్చింది మావయ్యా, ఆ పేరాల మీద" అందామె. "అనుమానం వస్తే నేను అడగడానికి వెళ్ళాను. నువ్వు చెప్పడానికి వెళ్ళావు."

ఆయనకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"తొమ్మిది మందిలో ఎంతమంది నమ్మారు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ పిల్ల వెళ్ళి లెక్కపెట్టి రాదు గదా. "ఒక్కరూ నమ్మలేదమ్మా" అన్నాడు. "నిన్ను వెనకేసుకొస్తున్నాననుకుంటున్నారు."

"మరి ఆ తొమ్మిది మంది మధ్యకి నన్నెలా రమ్మంటావు? రోజూ నా చేతుల వంక చూస్తారు." చివరి చీర మడత పెట్టి దొంతర మీద ఉంచింది. "వాళ్ళు నమ్మాక వస్తాను."

"ఎప్పటికి నమ్ముతారు?"

"నాకేం తెలుసు? నమ్మించడం నీకు చేతనైన పనేగా."

గురువారం పొద్దున కాపలాదారు గేటు తీసేసరికే ఆయన బయట నిలబడి ఉన్నాడు, చంకలో నల్ల అట్ట పుస్తకంతో. మిషన్ మేన్ లోపలికొచ్చి, అంగీ మేకుకి తగిలించి, ఆయన్ని చూసి నిట్టూర్చాడు.

"మళ్ళీనా గురువుగారూ? నిన్న చెప్పారు కదా."

"మళ్ళీనే" అన్నాడాయన. పుస్తకం మిషన్ మీద తెరిచిపెట్టి, మొదటి పేరా దగ్గర వేలు ఉంచి, మొదటి మాట నుంచి మొదలుపెట్టాడు.